ఊరిన మాట

నల్లబల్ల మీద 'ద్రవాభిసరణ' అని రాసి వెనక్కి తిరిగేసరికి ఎనిమిదో తరగతి మొత్తం తలలు వంచుకొని ఆ మాటను నోటుపుస్తకాల్లోకి ఎక్కించుకుంటోంది. ఒక్క తలా పైకి లేవలేదు. అర్థం కాకపోతే పిలకాయలు ప్రశ్నలడుగుతారని బీఈడీలో చెప్పారు. ఇన్నేళ్ళలో నేను చూసింది వేరు. అర్థం కాకపోతే వాళ్ళు ఆ మాటను ముత్యాల్లాంటి అక్షరాలతో రాసుకుంటారు. మాట ఎంత కొరుకుడు పడకపోతే దస్తూరీ అంత బాగుంటుంది.

నిజానికి అది పై తరగతి మాట. వేరు నేలలోని నీటిని ఎట్లా పీల్చుకుంటుందో చెప్పబోయి, దాన్ని ముందే దింపాల్సి వచ్చింది. నిర్వచనం కూడా చెప్పాను. 'అర్ధపారగమ్య పొర గుండా గాఢత తక్కువున్న ద్రావణం నుంచి గాఢత ఎక్కువున్న ద్రావణంలోకి నీటి అణువులు పోవడం.' చెబుతుండగానే నా తప్పు నాకు తెలిసొచ్చింది. తెలియని మాట ఒకటి చెప్పడానికి తెలియని మాటలు ఇంకో నాలుగు తెచ్చి దానికి కాపలా పెట్టాను.

చాక్‌పీసు పక్కన పెట్టి అడిగాను. "సరేగానీ, చేపకి ఉప్పెందుకు పెడతారు?"

చివరి వరసలోంచి ఒక పిల్ల లేచింది. సముద్రం ఒడ్డు పల్లె నుంచి వస్తుంది. ఏడాదిలో నాలుగుసార్లు నోరు విప్పి ఉంటుందేమో. "నీళ్ళు వదలడానికి సార్" అంది.

"ఎవరు వదలాల?"

"చేపే సార్. ఉప్పేసి తొట్లో పెడితే తెల్లారేసరికి తొట్టినిండా నీళ్ళూరతాయి. మనం ఒక్క చుక్క పొయ్యకపోయినా."

నీళ్ళూరతాయి! ఆ మాట దగ్గర నేను ఆగిపోయాను.

తెలుగులో 'ఊరు' అనే క్రియ చేసినంత చాకిరీ ఇంకే క్రియా చేయదేమో. బావిలో జల ఊరుతుంది. చింతకాయను తలుచుకుంటే నోరూరుతుంది. మామిడి ముక్కలు ఉప్పులో ఊరితే ఊరగాయ అవుతుంది. కనబడని దారుల్లోంచి, ఎవరూ తొయ్యకుండా, తనంతట తాను నెమ్మదిగా నీరు కదిలి వస్తే దానికి మనవాళ్ళు పెట్టుకున్న పేరది. ఐదు నిమిషాల కింద నేను చెప్పిన నిర్వచనంలో సగం ఈ రెండక్షరాల్లో ఉంది. మిగతా సగం లేదు. పాఠం చెప్పాల్సింది ఆ సగం గురించే.

పిల్ల ఇంకా కూర్చోలేదు. "రెండోరోజుకి ఉప్పు కండలోకి దిగుద్ది సార్. దిగినాకనే ఎండబెడతాం."

చూడండి, పన్నెండు పదమూడేళ్ళ పిల్ల రెండు పనులను విడదీసి, వరసలో పెట్టి చెప్పింది. ముందు లోపలి నీళ్ళు బయటికొస్తాయి. తర్వాత బయటి ఉప్పు లోపలికి పోతుంది. ఇల్లు ఈ రెంటినీ కలిపి 'ఊరడం' అని సరిపెట్టుకుంది. వంటకు అది చాలు. బడి మాత్రం మొదటిదాన్ని ద్రవాభిసరణ అంది, రెండోదాన్ని వ్యాపనం అంది. రెండు పేర్లు పండితుల గొప్ప కోసం పెట్టినవి కావు. జరిగే పనులు రెండు గనుక పేర్లూ రెండయ్యాయి.

మర్నాడు రెండు బంగాళదుంపలు పట్టుకెళ్ళాను. ఒకటి పచ్చిది, ఒకటి ఉడికించింది. రెంటికీ చెక్కు తీసి, నడుమ గుంట తవ్వి, గుంటలో చెంచాడు పంచదార వేసి, నీళ్ళు పోసిన పళ్ళెంలో నిలబెట్టాం. మధ్యాహ్న భోజనం ముగిసి వచ్చేసరికి పచ్చిదుంప గుంటలో నీళ్ళు ఊరి ఉన్నాయి. ఉడికినదాంట్లో లేవు. ఎందుకు లేవో చెప్పమన్నాను. కాసేపు గుసగుసలు నడిచాక ఒకడన్నాడు, "ఉడికినాక లోపల పొర చచ్చిపోయుంటది సార్, ఇంకేం ఆపుద్ది?"

అర్ధపారగమ్య పొర అనే మాట తరగతి గదిలోకి వచ్చింది ఆ క్షణాన. అంతకుముందు రోజు నేను బల్ల మీద రాసినప్పుడు కాదు.

మా ఇంటి 'ఊరడం' ఉడికిన దుంపనూ కాదనదు, పచ్చి దుంపనూ కాదనదు. బావినీ నోటినీ ఊరగాయనూ కూడా కలుపుకొని పోతుంది. బడి మాట అట్లా కాదు. పొర ఉందా, అది చెడకుండా ఉందా, నీరు ఎటు నుంచి ఎటు పోతోంది అని అడిగి మరీ ఒప్పుకుంటుంది. ఇంటి మాట వల లాంటిది, పడినదాన్నల్లా పట్టుకొస్తుంది. బడి మాట గాలం, ఒక్కదాని కోసమే వేస్తారు. వల చేతిలో లేని పిల్లకు గాలం ఇచ్చి ఏం లాభం? అట్లాగని వల దగ్గరే ఆగిపోతే అది సైన్సు పాఠం కాదు, వంట పాఠం.

మా బడి ఉండే చోటు కూడా చెప్పాలి. మాది కోట మండలం. కోట నుంచి తూర్పుకు పోతే రొయ్యల గుంటలు, అవి దాటితే బంగాళాఖాతం. పడమర వరి మళ్ళు, ఆ పైన గూడూరు. దక్షిణాన శ్రీహరికోట, రాకెట్టు లేచే రోజున పాఠాలు సాగవు. 2022 ఏప్రిల్‌లో మా మండలాన్ని నెల్లూరు జిల్లాలోంచి తీసి తిరుపతి జిల్లాలో కలిపారు. చిరునామా మారింది గానీ ఉప్పుగాలి అట్లాగే ఉంది. పేరు వేరు, వస్తువు వేరు అని చెప్పడానికి ఇంతకంటే దగ్గరి ఉదాహరణ నాకు దొరకలేదు.

ఇక్కడి పిలకాయలకు సైన్సు మాటలు రావని మేం మాష్టర్లం స్టాఫ్ రూములో వాపోతుంటాం. ఒకరోజు, మార్కుల్లో అట్టడుగున ఉండే కుర్రాడొకడు మొదటి పీరియడ్‌లోనే కునుకు తీస్తూ దొరికాడు. రాత్రి ఏం చేశావురా అంటే, "తెల్లారగట్ల డీవో పడిపోయింది సార్. రొయ్యలు పైకొచ్చేశాయి. నాయన్తో పాటు గుంట కాడ ఉన్నా, ఏరేటర్లు తిప్పినాం" అన్నాడు.

డీవో అంటే ఏందిరా అన్నాను. "నీళ్ళలో గాలి సార్. మిషను పెట్టి చూస్తారు. నాలుక్కంటే తగ్గకూడదు."

నాలుగు అంటే లీటరు నీటిలో కరిగిన ఆక్సిజన్ 4 మిల్లీగ్రాములు. రొయ్యల రైతులందరికీ తెలిసిన అంకె అది. "మరి తెల్లవారుజామునే ఎందుకు పడిపోద్ది?" అని తీగ లాగాను.

"పగలు ఎండకి నీళ్ళలో పచ్చన గాలి ఇస్తది గదా సార్. రాత్రి ఇయ్యదు. పైగా అదే తాగేస్తది."

నీళ్ళలో పచ్చన అంటే కంటికి ఆనని నాచు మొక్కలు. పగలు కిరణజన్య సంయోగక్రియ జరిపి ఆక్సిజన్ విడుదల చేస్తాయి. రాత్రి వెలుగు లేక ఆ పని ఆగుతుంది, శ్వాసక్రియ మాత్రం ఆగదు. అందుకే పొద్దు పొడవబోయే ముందు ఆక్సిజన్ అడుగంటుతుంది. ఈ పాఠం మీద యూనిట్ టెస్టు పెడితే వాడికి 25కి 6 మార్కులొచ్చాయి. 'కిరణజన్య సంయోగక్రియను నిర్వచింపుము' అన్నదానికి వాడు ప్రశ్ననే జవాబుగా తిరగరాశాడు. పాఠం వాడికి రాకపోలేదు. ఆ పేరున్న పాఠమూ తెల్లవారుజామున తాను గట్టు మీద కాపలా కాసిన పాఠమూ ఒకటేనని ఎవరూ చెప్పలేదు. ఆ ఎవరిలో మొదటివాణ్ణి నేనే.

అప్పుడు మాటను విడదీశాం. కిరణాల వల్ల పుట్టింది కిరణజన్యం. సంయోగం అంటే కలయిక. క్రియ అంటే పని. వెలుగు వల్ల జరిగే కలిపే పని. ఇంగ్లీషు మాటా ఇదే, వెలుగుతో కూర్చడం. ఆ మాటకు కూడా పుట్టినతేదీ ఉంది. 1893లో చార్లెస్ బార్న్స్ అనే అమెరికా వృక్షశాస్త్రవేత్త ఈ పనికి ఫొటోసింటాక్స్, ఫొటోసింథసిస్ అని రెండు పేర్లు సూచించాడు. ఆయనకు నచ్చింది మొదటిది, లోకం పట్టుకుంది రెండోదాన్ని. ఈ కథ చెబితే పిలకాయలకు భలే సంబరం. సైన్సు మాటలు ఆకాశంలోంచి ఊడిపడలేదనీ, వాటిని మనుషులే పెట్టారనీ, పెట్టినవాళ్ళ మాట కూడా ఒక్కోసారి చెల్లలేదనీ తెలిస్తే భయం సగం తగ్గుతుంది.

అయితే విడదీస్తే చాలు, అర్థం తెలిసిపోతుందనుకుంటే అక్కడా దెబ్బ తింటాం. ఆక్సిజన్‌నే తీసుకోండి. పద్దెనిమిదో శతాబ్దపు చివరలో ఫ్రాన్సులో లవోయిజే ఆ పేరు పెట్టాడు. గ్రీకులో దానికి పులుపు పుట్టించేది అని అర్థం. ఆమ్లాలన్నిటిలో ఆక్సిజన్ ఉండి తీరుతుందని ఆయన నమ్మకం. జర్మన్లు దాన్ని పులుపు పదార్థమని తమ మాటల్లోకి తెచ్చుకున్నారు. జపాన్‌లో ఉదగవా యోఅన్ పంతొమ్మిదో శతాబ్దంలో అదే అర్థంతో మాట కూర్చాడు. మన పెద్దలు ఆమ్లజని అన్నారు. అప్పటికే, 1810లో, ఇంగ్లండులో హంఫ్రీ డేవీ క్లోరిన్ ఒక మూలకమని చెప్పి లవోయిజే లెక్క తప్పని తేల్చాడు. హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో ఆక్సిజన్ లేదు, హైడ్రోజనూ క్లోరినూ మాత్రమే ఉన్నాయి. నమ్మకం పోయింది, పేరు మిగిలింది. ఒక పొరపాటు ఇన్ని భాషల్లోకి ఇంత శ్రద్ధగా అనువాదమైన సందర్భాలు అరుదు. ఆ లెక్కన మా అమ్మమ్మ తరం వాడిన ప్రాణవాయువే నయం, అది ఊపిరిని చూసి పెట్టిన పేరు.

పాత తెలుగు పుస్తకాల్లో కార్బన్ డయాక్సైడ్‌కు బొగ్గుపులుసు వాయువు అని పేరు. తరగతిలో ఆ మాట పలికితే నవ్వులే నవ్వులు. నెల్లూరి చేపల పులుసు మధ్య పెరిగిన పిలకాయలకు బొగ్గుతో పులుసేమిటని నవ్వు రాక ఏమవుతుంది? నవ్వనిచ్చి అడిగాను, పులుసుకు ఆ పేరెందుకొచ్చింది? పుల్లగా ఉంటుంది గనుక. పులుపు దేనివల్ల? చింతపండులోని ఆమ్లం వల్ల. బొగ్గు అంటే కార్బను. నీళ్ళలో కరిగితే పులుపునిచ్చే బొగ్గు వాయువు. అప్పుడు మన రొయ్యల కుర్రాడు తనంతట తానే లేచాడు. "రాత్రి గుంటలో పీహెచ్ తగ్గేది అందుకేనా సార్?"

అందుకే. రాత్రంతా నాచూ రొయ్యలూ వదిలిన కార్బన్ డయాక్సైడ్ నీటిలో కరిగి పీహెచ్‌ను దించుతుంది. పగలు నాచు ఆ వాయువును తినేస్తే అది మళ్ళీ లేస్తుంది. పీహెచ్ అనే కొలతను 1909లో డెన్మార్కులో సోరెన్‌సన్ ఒక బీరు కంపెనీ ప్రయోగశాలలో కనిపెట్టాడు. అది ఇవాళ కోట పక్కన గట్టు మీద లుంగీ ఎగ్గట్టుకున్న రైతు నోట పొద్దున్నా సాయంత్రం పలుకుతోంది. అటు ఎవరూ వాడని పాత తెలుగు మాట, ఇటు అందరూ వాడే కొత్త ఇంగ్లీషు మాట. రెండూ ఒకే గుంటలో కలిశాయి.

ఇంటి మాటను నెత్తిన పెట్టుకొని ఊరేగిస్తున్నానని అనుకోకండి. దాన్నే నమ్ముకొని ఒకసారి నేను పడిన గోతి కూడా చెబుతాను. ఏడో తరగతిలో ఆమ్లాలు, క్షారాల పాఠం. ఆమ్లమూ క్షారమూ కలిస్తే లవణం వస్తుందన్నాను. లవణమంటే ఏంటి సార్ అన్నారు. గంట కొట్టే వేళ దగ్గరపడింది. "ఉప్పేరా" అని తేల్చేశాను. వారం తర్వాత ల్యాబులో నీలంగా మెరుస్తున్న మైలుతుత్తం పలుకులు చూపించి, ఇదీ ఒక లవణమే అన్నాను. ముందు వరస పిల్లవాడు చెయ్యి చాచి, "ఉప్పగా ఉంటదా సార్?" అని ఒక పలుకు తీసుకోబోయాడు. వాడి చెయ్యి పట్టుకున్నానుగానీ నా చెయ్యి వణికింది. మైలుతుత్తం విషం. వాణ్ణి ఆ విషం దాకా నడిపించింది ఆ రోజు నేను తొందరలో ఇచ్చిన తేలిక అర్థం. ఉప్పు ఒక లవణం. లవణాలన్నీ ఉప్పులు కావు. ఈ రెండో వాక్యం చెప్పడానికి నాకు పట్టేది అర నిమిషం.

అందుకే ఇంటి మాటను పిలవాలి, కూర్చోబెట్టాలి, దాని హద్దు ఎక్కడో కూడా చూపించాలి. మూట మోసేవాడి బిడ్డతో 'పని' అన్నప్పుడు, మూట నెత్తిన పెట్టుకొని కదలకుండా నిలబడితే భౌతికశాస్త్రం లెక్కలో మూట మీద జరిగిన పని సున్నా అని చెప్పాలి. వాళ్ళ నాయన చెమటను సైన్సు కాదనడం లేదని కూడా ఆ వెంటనే చెప్పాలి. బలం, శక్తి, సామర్థ్యం ఇంట్లో అన్నదమ్ములు, ఒకరి చొక్కా ఒకరు తొడుక్కుంటారు. బడిలో మాత్రం ఎవరి కొలత వారిదే. గూడూరు గనుల్లో దొరికే అభ్రకాన్ని ఊళ్ళో కాకిబంగారం అంటారు. మెరుపుంది గానీ విలువ లేదన్న ఎగతాళి ఆ పేరులోనే ఉంది. కరెంటును ఆపి వేడిని తట్టుకునే గుణం వల్ల పాత ఇస్త్రీపెట్టెలో తీగచుట్టకు అండగా నిలిచింది ఆ రేకే. విద్యుద్బంధకం అనే నోరు తిరగని మాట, పాడైన ఇస్త్రీపెట్టె ఒకటి విప్పి చూపిస్తే తిరిగింది.

ఏ భాషలో చెప్పాలన్న తగవు మనకు కొత్తది కాదు. 1906లో కొమర్రాజు లక్ష్మణరావు ప్రభృతులు విజ్ఞానచంద్రికా మండలి పెట్టి శాస్త్రాన్ని తెలుగులోకి తేవాలని పూనుకున్నారు. 1968లో తెలుగు అకాడమీ వచ్చి పారిభాషిక పదకోశాలు అచ్చువేసింది. 2019లో రాష్ట్ర ప్రభుత్వం ఇంగ్లీషు మీడియం జీవో ఇచ్చింది, 2020 ఏప్రిల్‌లో హైకోర్టు దాన్ని కొట్టేసింది. ఆ తర్వాత రెండు భాషలూ ఎదురెదురు పేజీల్లో ఉన్న పాఠ్యపుస్తకాలు వచ్చాయి. ఆ పుస్తకం తెరిస్తే ఒక పేజీలో ఆస్మాసిస్, ఎదురు పేజీలో ద్రవాభిసరణ. సముద్రపు ఒడ్డు పిల్లకు అది గ్రీకు, ఇది సంస్కృతం. ఆమె మాట ఏ పేజీలోనూ లేదు. డీవో, పీహెచ్ అనే కుర్రాడికైతే ఇంటి మాటే ఇంగ్లీషు, దాని విప్పు మాత్రం ఏ భాషలోనూ తెలియదు. మీడియం ఏదైనా కానివ్వండి, ఈ మూడో పేజీ మాష్టరు రాసుకోవాల్సిందే.

మేం రాసుకుంటున్నాం. ప్రతి పిల్లా నోటుపుస్తకం వెనక నాలుగు గళ్ళు గీస్తుంది. మొదటి గడిలో ఇంట్లో ఏమంటారు. రెండులో తెలుగు పాఠంలో ఏముంది. మూడులో ఇంగ్లీషు పాఠంలో ఏముంది. నాలుగోది అసలైనది, ఇంటి మాటకూ బడి మాటకూ తేడా ఎక్కడ. మొదటి గడి మాట కోసం అమ్మనో నాయననో అవ్వనో అడగాలి. నాలుగో గడి మాత్రం చూసి రాయకూడదు, చూపించి రాయాలి. నిర్వచనం అన్నిటికంటే చివర వస్తుంది. వారానికి మూడు మాటలకంటే ఎక్కువ సాగవు. సిలబస్ వెనకబడిందని నేను మాటలు పడ్డ సందర్భాలూ ఉన్నాయి. మూడు మాటలే, కానీ ఊరిన మాటలు. పరీక్ష అయిపోయాక కూడా చెడవు.

ఇళ్ళల్లో అమ్మానాన్నలకు ఒక్క మనవి. మీ పిల్ల సాయంత్రం అరుగు మీద కూర్చొని బడి మాటేదో బట్టీ పడుతుంటే, అర్థం చెప్పమని నిలదీయకండి. మీకు రాదని సిగ్గూ పడకండి. "అది మనింట్లో ఎక్కడుందో చూపించు" అనండి. వంటింట్లోకి తీసుకుపోతుందో, గుంట గట్టుకు తీసుకుపోతుందో, వెంట నడవండి. ఎక్కడికీ తీసుకుపోలేకపోతే మర్నాడు బడికొచ్చి నన్నడగండి. తప్పు నాది.

చేప ఊరేసిన పిల్ల నోటుపుస్తకంలో ద్రవాభిసరణకు ఎదురుగా, నాలుగో గడిలో ఇట్లా ఉంది: 'ఊరడం దేనికైనా అంటాం. దీనికి చెడని పొర ఉండాల.' దస్తూరీ బాగాలేదు. పదికి పది వేశాను.